వసారాలో ఆగని ఎండ

2008 అక్టోబరు మూడో వారం. మా అమ్మ మచిలీపట్నం నుంచి వచ్చి అప్పటికి నెల్లాళ్ళయింది. షికాగోకి గంటన్నర దూరంలో ఉన్న ఒక కాలేజీలో అప్పుడే కొత్త లైబ్రరీ తెరిచారు. దానికి ఎండ లెక్కలూ, ఏసీ లెక్కలూ చేసినవాళ్ళలో నేనొకణ్ణి. ఈ దేశంలో నేను చేసే ఉద్యోగం ఏమిటో అమ్మకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను కనక, ఒక శనివారం మధ్యాహ్నం తీసుకెళ్ళి చూపించాను. బయట స్వెట్టరు లేకుండా నిలబడలేని చలి. ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బు లేదు.

రెండో అంతస్తులో, దక్షిణం వైపు, పొడుగాటి గది. నేల నుంచి కప్పు దాకా అద్దం. దానికి మూడడుగుల అవతల ఇంకో అద్దం. పిల్లలు కూర్చుని చదువుకోడానికని అద్దం పక్కన వరసగా వేసిన బల్లలన్నీ ఖాళీ. అందరూ గది వెనక గోడ దగ్గర ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరో ఒక అట్టపెట్టెని విప్పి అద్దానికి టేపుతో అంటించారు కూడా. అమ్మ అద్దం పక్క కుర్చీలో కూర్చుంది. రెండు నిమిషాలు కాగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని, “ఏరా, బయటేమో వణికిస్తోంది, ఇక్కడేమో మొహం మాడిపోతోంది. అవతల అంత వసారా వదిలారు కదా, మరి ఎండ వసారాలో ఆగదేం?” అంది.

నేను మాట్లాడలేదు. ఎండ వసారాలోనే ఆగుతుందని లెక్కగట్టి, నివేదిక రాసి, కింద సంతకం పెట్టింది నేనే మరి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు. భవనాల గొడవ మీకెందుకు అనుకోకండి. ఇందులో తప్పు జరిగింది ఒకే ఒక్క డిఫాల్టు దగ్గర. అది మీకూ అలవాటైన జబ్బే.

ముందు ఆ గోడ సంగతి. ఇంగ్లీషులో డబుల్ స్కిన్ అంటారు, అంటే భవనానికి రెండు చర్మాలన్నమాట. బయట ఒక అద్దం, లోపల ఒక అద్దం, మధ్యలో మనిషి నడిచేంత సందు. ఎండ బయటి అద్దం దాటి సందులోకి వస్తుంది, సందులో గాలి వేడెక్కి పైకి లేస్తుంది, వేసవిలో పైనున్న కిటికీల్లోంచి బయటికి పోతుంది. చలికాలంలో ఆ కిటికీలు మూసేస్తే సందు గదికి దుప్పటిలా పనిచేస్తుంది. కాగితం మీద ఇంతకంటే ముచ్చటైన ఏర్పాటు లేదు.

ఆలోచన పాతదే. మన చండీగఢ్‌కి రూపం ఇచ్చిన ల కోర్బూజియే, పారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళకి 1933లో కట్టిన భవనానికి రెండు పొరల అద్దాల గోడ పెట్టి, వాటి మధ్య వేడిగాలీ చల్లగాలీ తిప్పాలనుకున్నాడు. డబ్బు చాలక ఒక పొరే మిగిలింది, చల్లగాలి యంత్రమూ రాలేదు. తెరుచుకోని ఆ దక్షిణపు అద్దాల వెనక ఎండాకాలంలో జనం ఉడికిపోయారు. తరవాత కిటికీలు తెరుచుకునేలా మార్చి, ఎండకి అడ్డుగా పలకలు కట్టాల్సొచ్చింది. అమెరికాలో పేరుపడ్డ తొలి ఉదాహరణ 1980ల మొదట్లో కట్టిన ఆక్సిడెంటల్ కెమికల్ కంపెనీ భవనం. జలపాతం చూడ్డానికి నయాగరా వెళ్ళినప్పుడు మీరూ దాని దగ్గర్లోంచే వెళ్ళుంటారు. దాని సందులో ఎండని బట్టి వాటంతటవే తిరిగే అడ్డ పలకలు పెట్టారు. ఈ పలకల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మా లైబ్రరీకి కూడా ఆర్కిటెక్టు మొదట గీసిన బొమ్మలో సందులో తెరలున్నాయి. డబ్బు కటకటలాడే వేళకి ఎప్పటిలాగే కత్తెర బయటికొచ్చింది. “తెరలు తీసేస్తే గదికి ఏమవుతుంది?” అని నన్నడిగారు. నేను మోడల్ నడిపి, పెద్ద తేడా ఏమీ లేదు, సందే ఎండని మింగేస్తోంది అన్నాను. తెరలు తీసేశారు. గదికి పెట్టిన ఏసీ కూడా ఆ లెక్కకి తగ్గట్టే.

మోడల్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మేము వాడింది ఎనర్జీప్లస్. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ 2001లో విడుదల చేసింది, ఉచితం, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. భవనాన్ని జోన్లుగా విడగొట్టి గోడలు, అద్దాలు, మనుషులు, దీపాలు అన్నీ వర్ణించి ఇస్తే, ఏడాదిలో ఉన్న 8760 గంటలకీ ఏ జోన్‌లో ఎంత వేడి ఉంటుందో లెక్కిస్తుంది. సందుని కూడా ఒక జోన్‌గానే రాస్తాం. బయటి అద్దం దాని కిటికీ. లోపలి అద్దం సందుకీ గదికీ మధ్య కిటికీ.

ఎండ రెండు రకాలు. సూర్యుడి నుంచి బాణంలా వచ్చేది సూటి ఎండ. ఆకాశం నుంచీ, నేల మీంచీ, ఎదుటి గోడల మీంచీ అన్ని దిక్కులా వచ్చేది చెదిరిన వెలుగు. సూటి ఎండ కిటికీలోంచి లోపలికొచ్చాక అది ఏ వస్తువు మీద పడుతుందన్నదే ఈ కథంతా. ఎనర్జీప్లస్‌లో దీనికొక మీట ఉంది. మీరేమీ ముట్టుకోకపోతే దాని స్థానం ‘ఫుల్ ఎక్స్‌టీరియర్’. అంటే బయటి నీడలన్నీ శ్రద్ధగా లెక్కిస్తుంది కానీ, లోపలికొచ్చిన సూటి ఎండ మొత్తం ఆ జోన్ నేల మీదే పడిందనుకుంటుంది. నేల మింగినంత మింగాక మిగిలినదాన్ని చెదిరిన వెలుగుగా మార్చి గోడలకీ అద్దాలకీ పంచిపెడుతుంది. ఇదేమీ దాచిపెట్టిన రహస్యం కాదు, మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంది. చదవనివాణ్ణి నేను.

మామూలు గదికి ఇది తెలివితక్కువ ఊహేమీ కాదు. కిటికీలోంచి వచ్చిన ఎండ చాలావరకు నేల మీదే పడుతుంది, లెక్క తొందరగా తెములుతుంది. అమ్మ చెప్పిన వసారా సంగతే చూడండి. మా మచిలీపట్నం ఇల్లు దక్షిణం మొహంది. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికంటే కిందికి దిగిన రోజుల్లో కూడా, ఆయన 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చూరు ఏడడుగులు, వసారా వెడల్పు ఆరున్నర అడుగులు. ఆ ఎత్తు నుంచి వచ్చే ఎండ చూరు కింద నుంచి దూరి ఆరడుగుల లోపే నేలకి తగిలేస్తుంది, గోడదాకా రాదు. మా వసారాకి ‘ఎండంతా నేల మీదే’ అన్న డిఫాల్టు అక్షరాలా నిజం.

షికాగో ప్రాంతం దగ్గర దగ్గర 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్టోబరు మూడో వారంలో నడి మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 38 డిగ్రీల లోపే. మూడడుగుల సందు దాటేసరికి ఎండ కిరణం 2.3 అడుగులు కిందికి దిగుతుంది. అంటే 13 అడుగుల ఎత్తున్న బయటి అద్దంలో అడుగునున్న 2.3 అడుగుల మేర దూరిన ఎండ మాత్రమే సందు నేలకి తగులుతుంది. అది ఆరో వంతు. మిగతా అయిదు వంతులూ తిన్నగా వెళ్ళి లోపలి అద్దాన్ని గుద్దుకుంటాయి. డిసెంబరులో నేలకి చేరేది పదో వంతే. జూన్‌లో మాత్రం సూర్యుడు 71 డిగ్రీల పైకెక్కుతాడు కనక మూడింట రెండు వంతులు నేల మీద పడుతుంది. డిఫాల్టు ఊహ వేసవిలో కొంత సర్దుకుంటుంది, చలి మొదలయ్యాక పూర్తిగా తలకిందులవుతుంది.

ఆ శనివారం గడిచి సోమవారం ఆఫీసుకెళ్ళగానే కంప్యూటరు తెరవకుండా కాగితం తీసుకున్నాను. అక్టోబరు, ఆకాశం నిర్మలం, నడి మధ్యాహ్నం. దక్షిణపు అద్దం మీద సూటి ఎండ చదరపు మీటరుకి సుమారు 670 వాట్లు. మామూలు తెల్లద్దం అందులో 520 దాకా లోపలికి వదులుతుంది. అందులో ఆరో వంతు నేలకి పోతే 430 లోపలి అద్దానికి చేరుతుంది. ఆ లోపలిది పూత పూసిన రెండు పలకల అద్దం, అందులోంచి మూడో వంతుకి కాస్త ఎక్కువ దాటుతుంది. అంటే గోడ ప్రతి చదరపు మీటరుకీ గదిలోకి 150 వాట్లు.

ఇప్పుడు మోడల్ దారి. 520 మొత్తం సందు నేలకి. బూడిదరంగు నేల పదింట ఏడు వంతులు మింగేస్తే మిగిలింది 155. దాన్ని బయటి అద్దం, లోపలి అద్దం, నేల, కప్పు వాటి విస్తీర్ణాలని బట్టి పంచుకుంటే లోపలి అద్దం వాటా 60 పైచిలుకు. అది దాటి గదిలోకొచ్చేది 20. నూట యాభై ఎక్కడ, ఇరవై ఎక్కడ! గది పొడుగు 30 మీటర్లు, గోడ విస్తీర్ణం 120 చదరపు మీటర్లు. తేడా పదిహేనున్నర కిలోవాట్లు, ఏసీ భాషలో దాదాపు నాలుగున్నర టన్నులు. ఇది ఒక్క గదికి.

ఇంకో గుణకారం చేస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు మీటర్ల ఎత్తు అద్దంలోంచి వచ్చిన ఎండనంతా 90 సెంటీమీటర్ల వెడల్పు నేల మీద కుమ్మరిస్తే చదరపు మీటరుకి ఎంత? 2300 వాట్లు. భూమికి ఇంత దూరంలో, వాతావరణం పైన, ఏ అడ్డూ లేకుండా సూర్యుడిచ్చేదే 1361. మా సందు నేలకి సూర్యుడు తన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ ఇచ్చేస్తున్నాడు! మరి నేల పెనంలా కాలిందీ అంటే కాలదా? మోడల్ ఇచ్చిన పట్టికల్లో ఆ నేల ఉష్ణోగ్రత ఉండనే ఉంది. ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, ఫలితం మాకు నచ్చింది కాబట్టి. కాలే నేల సందులో గాలిని వేడెక్కిస్తుంది, ఆ గాలి పైకి లేచి కిటికీల్లోంచి పోతుంది, గది చల్లగా ఉంటుంది. డబుల్ స్కిన్ అమ్మేవాళ్ళ రంగుల కాగితాల్లో ఉండేది సరిగ్గా ఇదే కదా! మోడల్ తప్పుదారిన వెళ్ళి అందరూ వినాలనుకున్న మాటే చెప్పింది. గది మరీ వేడిగా ఉందని చూపించి ఉంటే నలుగురం కూర్చుని వారం రోజులు తప్పు వెతికేవాళ్ళం.

దీనికి ఇంకో పొరపాటు తోడైంది. ఏసీ ఎంత పెద్దది కావాలో జులై నాటి ఎండతో తేల్చారు. తూర్పు పడమర గదులకీ, పైకప్పుకీ అది సబబే. దక్షిణపు నిలువు అద్దానికి మాత్రం జూన్, జులై నెలల్లో సూర్యుడు నెత్తి మీదుంటాడు కనక గోడకి ఎండ ఏటవాలుగా రాసుకుని పోతుంది. అదే ఎండ తీవ్రతకి జూన్ మధ్యాహ్నం చదరపు మీటరుకి 270 వాట్లు పడితే, అక్టోబరులో 670. చలి మొదలైంది కదా అని చల్లనీళ్ళ యంత్రం ఆపేసే రోజుల్లో ఆ గది వేడి శిఖరానికి చేరుతుంది.

మీట మార్చడం ఒక్క పదం పని. ‘ఫుల్ ఇంటీరియర్ అండ్ ఎక్స్‌టీరియర్’ అని రాస్తే ప్రోగ్రాము ప్రతి గంటా కిరణాన్ని సందులోకి పంపి, ఎంత నేల మీద, ఎంత లోపలి అద్దం మీద, ఎంత పక్క గోడ మీద పడిందో కొలుస్తుంది. ఐతే దానికొక షరతుంది. జోన్ కుంభాకారంగా ఉండాలి, అంటే లోపల ఒక మూల నుంచి చూస్తే ఇంకే మూలా చాటు కాకూడదు. మా సందు భవనం మూల తిరిగి పడమటి వైపుకి కొంత దూరం పోయింది, ‘ఎల్’ ఆకారం. దాన్ని మూల దగ్గర కోసి రెండు జోన్లు చెయ్యాల్సొచ్చింది. అంతస్తుకొక సందు చొప్పున కూడా విడగొట్టాం. అప్పుడు ఇంకో బొక్క బయటపడింది. సందులో నేల అని మేము రాసింది నిజానికి కాంక్రీటు కాదు, అద్దాలు తుడిచేవాళ్ళు నడవడానికి వేసిన ఇనప జాలీ. పై అంతస్తు జాలీలోంచి ఎండ కింది అంతస్తులోకి జారుతుంది. దాన్ని కూడా ఎంత కన్నం, ఎంత ఇనుము అని లెక్కగట్టి రాశాం. సవరించిన మోడల్‌లో అక్టోబరు మధ్యాహ్నం గదిలో వేడి నా కాగితం లెక్కకి దగ్గరగా వచ్చింది. సందు నేల మామూలు నేల అయింది.

ఈ మీటతో కూడా అన్నీ తీరవు. లోపలి అద్దం దాటి గదిలోకొచ్చిన సూటి ఎండకి అక్కడితో దిశ పోతుంది, గదిలో దాన్ని చెదిరిన వెలుగుగానే పంచుతారు. గదికి మొత్తం ఎంత వేడి చేరిందో తెలుసుకోడానికి అది చాలు. మూడో బల్ల దగ్గర కూర్చున్న పిల్ల మొహాన ఎండ కొడుతుందా లేదా అన్నదానికి చాలదు. దానికి రేడియెన్స్ కావాలి. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ రాసిన ప్రోగ్రాము అది, కాంతి కిరణాలని ఒక్కొక్కటిగా వెంబడించి చూస్తుంది. తెరలూ, పలకలూ ఉన్న అద్దాలకి ఇంకో పద్ధతి ఉంది. కిటికీకి ఎదురుగా ఉన్న అర్ధగోళాన్ని 145 ముక్కలు చేసి, ఏ ముక్క నుంచి వచ్చిన వెలుగు ఏ ముక్కలోకి ఎంత పోతుందో పట్టిక వేస్తారు. 145 అడ్డం, 145 నిలువు. అదే ప్రయోగశాల వాళ్ళ ‘విండో’ అనే ప్రోగ్రాము ఆ పట్టిక తయారుచేసి ఇస్తుంది, ఎనర్జీప్లస్ దాన్ని చదువుకుంటుంది. మొదటి రోజుల్లో దీనికి గంటల తరబడి కూర్చోవాల్సొచ్చేది. ఇప్పటి ల్యాప్‌టాపులకి లెక్కే కాదు.

ఇది నా ఒక్కడి అవివేకమేనా అని అప్పట్లో వెతికితే కాస్త ఊరట దొరికింది. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ‘క్యూబ్’ అని ఒక పరీక్షా గృహం కట్టి, దాని దక్షిణపు రెండద్దాల గోడని నిజం ఎండలో కొలిచారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ కింద వివిధ దేశాలవాళ్ళు తమ తమ ప్రోగ్రాములతో అదే గోడని లెక్కగట్టి పోల్చి చూసుకున్నారు. ఒకదాని అంకెలు ఇంకొకదానితో కలవలేదు. వాళ్ళంతా ఆ విద్యలో పండినవాళ్ళు.

స్వదేశంలో ఇల్లో, ఆఫీసో కట్టిస్తున్నవాళ్ళు చాలామంది నన్ను హైదరాబాదులో అద్దాల మేడల గురించి అడుగుతుంటారు. అక్కడ దక్షిణపు మధ్యాహ్నపు ఎండ పెద్ద బెడద కాదు, ఒక అడ్డ పలక ఆపేస్తుంది. సాయంత్రం నాలుగున్నరకి పడమటి అద్దం సంగతి వేరు. అప్పటి సూర్యుడు ఏ ఊళ్ళోనైనా కిందికి దిగి ఉంటాడు, మూడడుగుల సందుని లక్ష్యపెట్టకుండా తిన్నగా దూరిపోతాడు. పడమటికి రెండద్దాల గోడ పెడతామని ఎవరైనా మోడల్ చూపిస్తే, సూటి ఎండ ఎక్కడ పడుతోందని రాశారో అడగండి. సందు నేల మీద చదరపు మీటరుకి ఎన్ని వాట్లు పడుతున్నాయో కూడా అడగండి. వెయ్యి దాటితే కాఫీ తాగి లేచి వచ్చేయొచ్చు.

మా లైబ్రరీ ఏమైందంటే, నేను కాగితం తీసుకెళ్ళి మా పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, “ఓనర్‌కి మనమే ముందు చెబుదాం” అన్నారు. ఆ మాటకి ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. ఓనరు, ఆర్కిటెక్టు, కట్టినవాళ్ళు, మేము కలిసి ఆర్నెల్లు వాదించుకున్నాక, వదిలేసిన తెరలనే సందులోకి మళ్ళీ తెచ్చారు. బయటి అద్దం బిగించేసి ఉండటంతో జాలీల మీద మనుషుల్ని పంపి బిగించాల్సొచ్చి, మొదట మిగిల్చిన దానికి రెండింతలు ఖర్చయింది. అందులో కొంత మా ఆఫీసు పెట్టుకుంది. తెర గదిలో కాక సందులో ఉంటే, అది మింగిన వేడి సందులోనే ఉండి పైకి పోతుంది. రంగుల కాగితాలు చెప్పిన మాట అప్పుడు నిజమైంది.

తరవాతి అక్టోబరులో నేనొక్కణ్ణే వెళ్ళి చూశాను. తెరలు సగం దాకా దిగి ఉన్నాయి, బల్లలు నిండుగా ఉన్నాయి. అట్టపెట్టె అంటించిన చోట టేపు జిగురు మరక ఇంకా ఉంది. అమ్మకి ఫోను చేసి, ఇప్పుడు వసారాలోనే ఆగుతోందని చెప్పాను. “తెర వేశారా?” అంది. వేశారన్నాను.